జాబితాకెక్కని బిళ్ళలు

"ఇవెవరివి మమ్మీ?"

ఏనీ చేతిలో వెన్న బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. అందులో బిస్కెట్లు అయిపోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు తలనొప్పి బామూ, వాము పొట్లమూ, రబ్బరు బ్యాండు వేసిన బిళ్ళల స్ట్రిప్పులూ ఉంటున్నాయి.

"నావేనే," అంది బాలకుమారి, భర్త బనీన్లు మడతపెడుతూ. "మోకాళ్ళ బిళ్ళలు. పాలకొల్లు డాక్టరు గారిచ్చినవి. నీకు తెలియనివా ఏంటి?"

తెలుసు. బాలకుమారి ఇండియా వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఆవకాయతోపాటు, నైటీలతోపాటు ఆ బిళ్ళలు కూడా సూట్‌కేసులో విమానమెక్కి వాళ్ళుండే ఎటోబికో చేరతాయి. అవి మందులని ఆ ఇంట్లో ఎవరూ అనుకోరు. మందులంటే కింద ఫార్మసీలో వారానికోసారి గడుల అట్టలో సర్ది ఇచ్చేవి. హాస్పిటల్లో ఎవరు జాబితా అడిగినా ఏనీ ఆ అట్ట చూసే రాసిస్తుంది.

"నొప్పి బాగా ఉన్నరోజే వేసుకుంటానన్నావు. ఇక్కడ నాలుగు స్ట్రిప్పులు ఖాళీగా ఉన్నాయి."

బాలకుమారి చెయ్యి బనీను మీద ఆగిపోయింది.

"డాడీకి వేశావా?"

మంచం మీద హాస్పిటల్ బ్యాగు సగం సర్ది ఉంది. రేపు పొద్దున్న ఆరింటికల్లా తండ్రి సువార్తరాజుని తీసుకెళ్ళాలి. తలకి చిన్న కన్నం పెట్టి, మెదడులో ఉన్న గడ్డలోంచి చిటికెడు ముక్క తీసి, అదేం గడ్డో చూస్తారు. ఆ బయాప్సీ వద్దని తల్లి, కావాలని కూతురు వారం రోజులుగా కొట్టుకుంటున్నారు. చివరికి కూతురే నెగ్గింది.

"కాలు ఈడుస్తున్నారు కదాని వేశాను," అంది బాలకుమారి. "కీళ్ళేమో అనుకున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నాకు పనిచేసింది ఆయనకి చెయ్యదా?"

ఏనీ స్ట్రిప్పు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివింది. ఫోన్‌లో ఆ పేరు కొట్టింది. కిందే కనిపించిందా మాట. మొన్న మంగళవారం సర్జన్ అడిగిన మాటే.

"మమ్మీ, ఇవి స్టెరాయిడ్స్."

"కావే. అవి కండలు పెంచేవాళ్ళు వేసుకుంటారు."

మంగళవారం కూడా ఇదే అయింది. స్టెరాయిడ్స్ ఏమైనా వాడారా అని డాక్టర్ ఫ్రేజర్ అడిగితే, ఏనీ అదే మాట తల్లిని అడిగింది. "డెబ్బై రెండేళ్ళ మనిషికి కండలెందుకే?" అంది బాలకుమారి. ఏనీకి నవ్వొచ్చింది. నవ్వుతూనే డాక్టర్‌తో "నో" అంది. ఆ "నో" అన్నది తనేనని ఇప్పుడు గుర్తొచ్చేసరికి, తల్లి మీద కోపం రెట్టింపయింది.

"ఎప్పట్నుంచి వేస్తున్నావు?"

బాలకుమారి బనీను మడత విప్పి మళ్ళీ మడిచింది.

"మమ్మీ, ఎప్పట్నుంచి?"

"ఉపవాస ప్రార్థన పెట్టిన బుధవారం నుంచి."

ఏనీ మంచం మీద బ్యాగు పక్కన కూలబడింది.

ఆ ఉపవాస ప్రార్థన సంగతి ఎటోబికోలో ఉన్న తెలుగు క్రైస్తవులందరికీ తెలుసు. సువార్తరాజు కోసం చర్చి చర్చంతా మూడు రోజులు పస్తులుంది. అప్పటికి ఆయనకి ఇవాళ ఏ వారమో తెలిసేది కాదు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాడు. ఎయిర్‌పోర్టు దగ్గర విమానాలకి భోజనాలు సర్దే కంపెనీలో ఇరవై రెండేళ్ళు సూపర్‌వైజరు చేసిన మనిషి, లిఫ్టులో ఏ బటన్ నొక్కాలో తెలియక అలాగే నిలబడిపోయేవాడు. ఫ్యామిలీ డాక్టర్ మొదట రిటైరైన దిగులు అన్నాడు. తర్వాత మతిమరుపు జబ్బు మొదలైందేమో అన్నాడు. ఆ వయసువాళ్ళని చూస్తే ఎవరికైనా ముందు తోచేవి అవే. నాలుగు నెలలు అలా గడిచిపోయాక, కాలు ఈడ్చడం చూసి ఎమ్మారై రాశాడు. మెదడు నడుమ గడ్డ బయటపడింది.

బుధవారం ప్రార్థన మొదలైంది. ఆదివారానికి సువార్తరాజు లేచి గుండీలు తనే పెట్టుకున్నాడు. ఎవరి భుజమూ పట్టుకోకుండా చర్చి మెట్లెక్కాడు. బాలకుమారి మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది. వైద్యులు చేతులెత్తేసిన చోట దేవుడు చెయ్యి వేశాడంది. నిజానికి ఏ వైద్యుడూ చేతులెత్తలేదు, బయాప్సీ తేదీ ఆలస్యంగా ఇచ్చారంతే. సాక్ష్యమన్నాక ఆ మాత్రం ఉంటుంది. ఆ వీడియో పాలకొల్లు దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఏలూరు, కాకినాడ చుట్టి మళ్ళీ ఏనీ ఫోన్‌కే వచ్చింది.

"డాక్టర్‌కి ఫోన్ చేస్తున్నా," అంది ఏనీ.

"చెయ్యకు."

"మమ్మీ!"

"అసలు రేపటిదే కాన్సిల్ చేసెయ్. లక్షణంగా తిరుగుతున్న మనిషి తలకి కన్నం ఎందుకు? తగ్గిపోయిందని చెప్పు. నిజమే కదా."

"తగ్గింది బిళ్ళల వల్ల."

"ప్రార్థన వల్ల."

"రెండూ ఒకే బుధవారం మొదలెట్టావు. ఏది దేనివల్లో నీకెలా తెలుసు?"

"నీకు విశ్వాసం లేదే. ఈ ఊరొచ్చాక అది పోయింది నీకు."

"విశ్వాసం సంగతి తర్వాత చూద్దాం. మూడు వారాలు డాడీకి మందేసి ఒక్కరికీ చెప్పలేదు నువ్వు. రేపు తల తెరిచాక ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు? నువ్వా? అయ్యగారా?"

పాస్టరు గారిని ఆ మాట అనేసరికి బాలకుమారి మొహం కందిపోయింది. బనీను మంచం మీద పడేసింది. ఏదో అనబోయింది గానీ, గుమ్మంలో సువార్తరాజు నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందో తెలియదు.

"ఫోన్ చెయ్యమ్మా," అన్నాడు.

*

ఆ సాయంత్రమే నాలుగింటికి హాస్పిటల్లో మళ్ళీ స్కాన్ తీశారు. ఐదున్నరకి డాక్టర్ ఫ్రేజర్ ముగ్గురినీ చిన్న గదిలో కూర్చోబెట్టి, కంప్యూటర్ మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. ఎడమవైపు జనవరి నాటిది. మెదడు నడుమ తెల్లగా, ఉసిరికాయంత గడ్డ. కుడివైపు ఇవాళ్టిది. అదే చోట పలచటి మరక ఉంది.

"స్తోత్రం!" అంది బాలకుమారి గట్టిగా.

డాక్టర్ ఉలిక్కిపడి ఏనీ వైపు చూసింది. దేవుడికి థాంక్స్ చెబుతోందని ఏనీ ఇంగ్లీషులో చెప్పింది. డాక్టర్ నెమ్మదిగా మొదలుపెట్టింది. ఏనీ ఒక్కో ముక్కా తెలుగులో చెబుతూ వచ్చింది.

"మెదడులోనే పుట్టే లింఫోమా అయ్యుండొచ్చంట డాడీ. అదీ కాన్సరే. చాలా తక్కువమందికి వస్తుందట, అరవై దాటినవాళ్ళలోనే ఎక్కువగా చూస్తారట. స్టెరాయిడ్ పడితే అది కరిగిపోతుంది. పోయిందని కాదు, కనపడదంతే. మళ్ళీ వస్తుంది. అందుకే ముక్క తీసేదాకా కావాలనే మీకు అవి ఇవ్వలేదట."

"ఇప్పుడు తీస్తే?" అన్నాడు సువార్తరాజు.

"ముక్కలో ఏమీ దొరక్కపోవచ్చు. తలకి కన్నం పెట్టి కూడా ఉత్తచేతుల్తో రావాలి. అదేంటో తేలకుండా కీమో మొదలుపెట్టరు. వేరే రకం గడ్డయితే మందూ వేరే."

"అయితే రేపు ఆపరేషన్ లేనట్టేనా?" అంది బాలకుమారి.

"లేదు మమ్మీ."

"స్తోత్రం." ఈసారి మెల్లగా అంది.

డాక్టర్ ఇంకా మాట్లాడుతోంది. చాలాసేపే మాట్లాడింది. ఏనీ వింటూ తల ఊపింది కానీ వెంటనే తెలుగులోకి తిప్పలేదు. పన్నెండో ఏట ఈ దేశం వచ్చిన రోజు నుంచీ ఇంటికొచ్చే ప్రతి ఉత్తరమూ, ప్రతి ఫోనూ ఆమే చెబుతూ వచ్చింది. ఎక్కడ తగ్గించాలో, ఏ మాట మింగేయాలో ఆమెకి బాగా అలవాటు.

"బిళ్ళలు మెల్లగా తగ్గించి ఆపేస్తారట," అంది చివరికి. "తర్వాత కొన్నాళ్ళు చూసి, అప్పుడు చేస్తారట."

"ఆవిడ అంత పొడుగు చెప్పింది, నువ్వింతే చెబుతున్నావేంటి?" అన్నాడు సువార్తరాజు. "నాకు సగం అర్థమైందిలే. మీ మమ్మీకి కూడా అర్థం కావాలి. మొత్తం చెప్పు."

ఏనీ తండ్రి వైపు చూడకుండా, తల్లి వైపు తిరిగి చెప్పింది.

"బిళ్ళలు ఆపితే గడ్డ మళ్ళీ పెరుగుతుంది. పెరిగాకే ముక్క తీస్తారు. డాడీ మళ్ళీ మునుపట్లా అయిపోతారు మమ్మీ. అయ్యేదాకా మనం చూస్తూ ఉండాలి."

బయట కారిడార్లో ఎవరో ట్రాలీ తోసుకుంటూ పోయారు.

"తగ్గాలని మందేస్తారు ఎవరైనా," అంది బాలకుమారి. "జబ్బు పెరగాలని మందు మానేస్తారా? ఇదెక్కడి వైద్యమే? నాకు ఇన్ని నెలల తర్వాత నా మనిషి తిరిగొచ్చాడు. మళ్ళీ పొమ్మని నేనే పంపాలా?"

బాలకుమారి డాక్టర్ వైపు వేలు చూపించింది.

"ప్రార్థన వల్ల తగ్గలేదని ఆవిడకెలా తెలుసో అడుగు."

"నిజంగా అడగనా?"

"అడుగు."

ఏనీ సిగ్గుపడుతూనే అడిగింది. డాక్టర్ నవ్వలేదు. ప్రార్థన గురించి తనేమీ చెప్పలేనంది. బిళ్ళల గురించి మాత్రం తెలుసంది. అవి ఇంకొన్ని వారాలకి పనిచెయ్యడం మానేస్తాయి, అప్పుడొచ్చే గడ్డ ఇంతకన్నా పెద్దదిగా రావచ్చు, ఈలోపు పోయిన రోజులు మళ్ళీ రావు అంది.

సువార్తరాజు రెండు బొమ్మల వంకా మార్చి మార్చి చూశాడు.

"బాగున్నన్నాళ్ళూ బాగుండి, తర్వాత ఏం జబ్బో కూడా తెలియకుండా పోవడం నాకిష్టం లేదమ్మా," అన్నాడు. "మానేస్తానని చెప్పు. ఎన్నాళ్ళు పడుతుందో కూడా అడుగు."

బిళ్ళలు పూర్తిగా ఆపాక రెండు వారాలు పట్టొచ్చు, ఎక్కువా పట్టొచ్చు అంది డాక్టర్. మొదటి తేడా కనిపించిన రోజే తీసుకురావాలి. ఒక్కరోజు కూడా ఆగడానికి వీల్లేదు. పెరగడం మొదలుపెడితే మహా వేగంగా పెరుగుతుంది, ఆలస్యమైతే ఆయన ఆపరేషన్‌కి కూడా తట్టుకోలేని స్థితికి వచ్చేస్తారు అని రెండుసార్లు చెప్పింది. నర్సు ఒక కాయితం ఇచ్చింది. రోజూ పొద్దున్నే మూడు అడగాలి. ఇవాళ ఏ వారం, ఎదురుగా ఉన్నది ఎవరు, రెండు చేతులూ చాపి పట్టుకోగలరా. ఒక్కటి తప్పినా ఫోన్ చెయ్యాలి.

ఏనీ ఉద్యోగానికి వెళ్ళాలి కాబట్టి కాయితం బాలకుమారి చేతికొచ్చింది.

*

బిళ్ళలు తగ్గిస్తున్న వారంలోనే ఒక సాయంత్రం, అల్లం టీ తాగుతూ సువార్తరాజు అడిగాడు.

"చర్చిలో ఎప్పుడు చెబుతావు?"

"ఏం చెప్పాలి?"

"బిళ్ళల సంగతి."

బాలకుమారి గ్లాసు కింద పెట్టింది. "నాకు తెలియక వేశానండీ. అంతమందిలో మళ్ళీ అది చెప్పాలా? దేవుడికి తెలుసు చాలు."

"దేవుడికి తెలిస్తే చాలదే. మన చర్చిలో సరోజకి కూడా ఆ బిళ్ళలే ఇచ్చావు కదా? ఇంకెవరెవరికి ఇచ్చావు?"

బాలకుమారి వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఐదో వేలు దగ్గర మానేసింది.

"చర్చిలో సగం మోకాళ్ళు నీ డబ్బా మీదే నడుస్తున్నాయి," అన్నాడు సువార్తరాజు నవ్వుతూ. "నేను తమాషాకి అనట్లేదు బాలా. నాకు జరిగినట్టే ఇంకొకరికి జరిగితే? నువ్వే చెప్పాలి. అదీ సాక్ష్యమే."

"ఆ తర్వాత మీకు మళ్ళీ వస్తే? అందరూ ఏమనుకుంటారు? దేవుడిచ్చి మళ్ళీ లాక్కున్నాడనుకోరా?" ఆమె గ్లాసు పక్కకి జరిపింది. "నా గురించి అనుకుంటే అనుకోనివ్వండి. మిమ్మల్ని చూసి జాలిపడితే నేను భరించలేను."

ఆమె భయమంతా అదే. పదిమందిలో తప్పు ఒప్పుకోవడం కష్టమే, కానీ ఒప్పుకుంటుంది. మొన్న తన పక్కన తలెత్తుకుని కూర్చున్న మనిషి అదే చోట తల వాల్చేసి కూర్చుంటే, ముందు వరసలోంచి అందరూ వెనక్కి తిరిగి చూడటం ఆమె ఊహకే అందడం లేదు.

"మీరు నా పక్కనుంటే చెబుతాను," అంది. "లేకపోతే నా నోరు పెగలదు."

"ఉంటాను. తొందరగా చెప్పేయ్ మరి."

తొందరగా చెప్పలేదు. మొదటి ఆదివారం గొంతు బాగోలేదంది. రెండో ఆదివారం మంచు పడి కార్లు కదల్లేదు, అందులో మాత్రం ఆమె తప్పు లేదు. ఆ వారమే ఆఖరి బిళ్ళ అయిపోయింది. మూడో ఆదివారం అయ్యగారి కూతురి పుట్టినరోజు, ఆ పూట ఇలాంటివేం బాగుంటాయంది. చివరికి బుధవారం నాడు తనే అయ్యగారికి ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం నాకు రెండు నిమిషాలు కావాలండీ అని అడిగింది. ఆయన ఎంతో సంతోషించి, ఐదు నిమిషాలు తీసుకోమన్నారు.

ఆ సంగతి చెబితే సువార్తరాజు తన తెల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యమన్నాడు.

రోజూ పొద్దున్నే మూడు ప్రశ్నలూ నడుస్తూనే ఉన్నాయి. మొదట్లో ఇద్దరికీ అదో ఆట. "నేనెవర్ని?" అంటే, "నన్ను ఇరవై నాలుగ్గంటలూ సాధించే మనిషివి," అనేవాడు. బాలకుమారి కోపం నటిస్తూ గడిలో టిక్కు పెట్టేది. తొమ్మిదింటికి ఆఫీసు నుంచి ఏనీ ఫోన్ చేసేది. మూడూ చెప్పారు అనేది తల్లి. ఆ మాట వినగానే, ఇంకో రోజు బాగున్నారని ఏనీకి సంతోషమూ, ఇంకో రోజు ఆలస్యమైందని దిగులూ ఒక్కసారే కలిగేవి.

శుక్రవారం పొద్దున్న సువార్తరాజు స్నానం చేసి, దువ్వుకుని, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. గుండీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. బాలకుమారి అది ముందే చూసుకుంది.

"ఇవాళ ఏ వారమండీ?"

"శుక్రవారం."

"చేతులు చాపండి."

చాపాడు. ఎడమ చెయ్యి కొద్దిగా కిందికి జారినట్టు అనిపించింది. మళ్ళీ చూస్తే సమంగానే ఉన్నట్టుంది. బాలకుమారి టిక్కు పెట్టింది.

"నేనెవర్ని?"

సువార్తరాజు ఆమె వైపు చూశాడు. ఎప్పుడూ చూసేంత సేపే చూశాడు. తర్వాత మర్యాదగా కాళ్ళు వెనక్కి తీసుకుని, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు. "మా ఆవిడ ఇప్పుడే వచ్చేస్తుంది."

బాలకుమారి కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. ఇంకోసారి అడగాలనుకుంది, అడగలేకపోయింది. ఆయన ఆమెకేసి చూసి నవ్వాడు. పరాయివాళ్ళు ఇంటికొస్తే ఎంత కలుపుగోలుగా నవ్వుతాడో అంతే నవ్వాడు.

ఫోన్ మోగింది. తొమ్మిదయింది.

"ఎలా చెప్పారు మమ్మీ?"

వెనకాల ఆఫీసు చప్పుడు. ఎవరో నవ్వుతున్నారు. బాలకుమారి చేతిలో పెన్ను, ఎదురుగా ఉన్నది ఎవరు అన్న గడి దగ్గరే ఉంది. శుక్రవారం, శనివారం, ఆదివారం అనుకుంది మనసులో. చర్చిలో చెప్పడానికి రెండే రోజులు.

"మమ్మీ? ఉన్నావా?"

"ఆఁ, ఉన్నానే. చెప్పారు."

"మూడూ?"

"మూడూ చెప్పారమ్మా. నువ్వు పని చూసుకో."

ఏనీ ఫోన్ పెట్టేసింది. బాలకుమారి ఖాళీ గడిలో టిక్కు పెట్టి కాయితం మడిచింది. సువార్తరాజు తలుపు వైపు చూస్తున్నాడు.

"ఆలస్యమవుతోందేమిటో," అన్నాడు. "మీకేమైనా తొందర పనుందా అమ్మా?"

"లేదండీ," అంది బాలకుమారి. "ఆవిడ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను."